బయటివాళ్ళెవరికీ చెప్పలేదండీ

మనుషులు కొంపలు రకరకాలుగా కూలుస్తారు. కొందరు పేకాడి కూలుస్తారు, కొందరు తాగి కూలుస్తారు, కొందరు పంచాయతీ ఎన్నికల్లో నిలబడి కూలుస్తారు. నేను వాదించి కూల్చాను. కూలింది నా కొంపైతే ఇంత బాధ ఉండేది కాదు, మా ఆడపడుచుది. పైగా ఆ వాదనలో నేనే గెలిచాను. ఏ వైపు నుంచి చూసినా గెలిచాను. అదీ అసలు ఏడుపు.

నవ్వొస్తే నవ్వుకోండి, మొహమాటపడకండి. మా ఇంట్లో మాత్రం ఈ సంగతి ఎత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు లేచి వెళ్ళి ఫ్యాను స్పీడు తగ్గించి వస్తారు. ఫ్యాను తిరగకపోయినా సరే.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తప్పంతా గ్రహస్థితి మీదికి పోతుంది. నూజివీడులో డిగ్రీ చదివే రోజుల్లో నేను వక్తృత్వపు పోటీల్లో ఆరితేరినదాన్ని. అనుకూలంగా మాట్లాడమన్నా, వ్యతిరేకంగా మాట్లాడమన్నా నాకు ఒకే ఉత్సాహం. పెళ్ళయ్యాక పోటీలు లేవు, మా ఆయన ఉన్నారు. ఆయన రెండో మాటకే "నువ్వన్నదే కరెక్టు" అని పేపరు తిరగేస్తారు. అలాంటి మనిషితో వాదించడం తడిసిన దిండుతో కుస్తీ పట్టినట్టుంటుంది. అందుచేత నా విద్యంతా గ్యాస్ సిలిండరు తెచ్చేవాళ్ళ మీదా, విస్సన్నపేట బస్సు కండక్టర్ల మీదా ఖర్చయిపోతూ వచ్చింది.

మా ఆడపడుచు కరుణ దానికి పూర్తిగా వేరే రకం. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. పది మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడి, అది కూడా ఎక్కువైందేమోనని బాధపడే మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "టైము కుదర్లేదండీ" అని చెప్పి, స్క్రూడ్రైవరు అందుకునేది. హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డులో మూతపడిన మామిడి ప్యాకింగు షెడ్డు ఒకటి లీజుకి తీసుకుని, మందు కొట్టే స్ప్రేయర్లకీ, కరెంటు ఆటోలకీ బ్యాటరీ ప్యాకులు కట్టడం మొదలుపెట్టింది. పనిలో చేరినవాళ్ళంతా అదే షెడ్డులో ఒకప్పుడు మామిడికాయలు పేర్చిన ఆడవాళ్ళే. షెడ్డులో నేనూ భాగస్వామిని. కరుణ బుర్ర పెట్టింది, నేను నోరు పెట్టాను.

బ్యాటరీ ప్యాకంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు. బొటనవేలంత సెల్సు పక్కపక్కన నిలబెట్టి, పైనా కిందా పట్టీలు వెల్డింగు చేస్తే అదే ప్యాకు. సెల్లుకి ఒక కొస బొడిపె ఉంటుంది, రెండో కొస చదునుగా ఉంటుంది. ఒక వరస బొడిపె పైకి, పక్క వరస బొడిపె కిందికి పెట్టుకుంటూ పోవాలి. అంతే. కానీ ఒక్క సెల్లు తిరగబడిందంటే, పట్టీ అతికించే క్షణాన నిప్పులు రేగుతాయి. మార్తమ్మ అనే ఆవిడకి అలాగే కుడిచెయ్యి కాలింది. ఆవిడ "పర్లేదమ్మా, మానిపోద్దిలే" అంటూనే ఉంది, కరుణ మాత్రం ఆ వారమంతా అన్నం కలిపి వదిలేసి లేచిపోయేది.

తర్వాత ఒకరోజు వంటింట్లో నిలబడి ఉన్నట్టుండి అరచెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపింది.

"ఏంటే, ఈగలా?" అన్నాను.

"కాదొదినా. అమ్మ కాయల మీద నిమిరేది, గుర్తుందా?"

గుర్తుండకేం! మా అత్తగారూ ఒకప్పుడు మామిడి ప్యాకింగు చేసినావిడే. పెట్టెలో వరిగడ్డి మీద కాయలు పేర్చాక, మూత వేసేముందు ప్యాకింగు ఆడవాళ్ళు వరస మీద ఒకసారి అరచేత్తో నిమురుతారు. కుదురుగా కూర్చోని కాయ ఉంటే చేతికి తగులుతుంది. కళ్ళతో వెతకక్కర్లేదు. కరుణ చేసిన మిషను ఆ నిమురుడే. సెల్సు పేర్చిన ట్రే మీదికి ఒక పలక దిగుతుంది. పలక అడుగున సెల్లుకొకటి చొప్పున స్ప్రింగు వేళ్ళు. బొడిపె ఉండాల్సిన చోట పొట్టి వేలు, ఉండకూడని చోట పొడుగు వేలు. అన్నీ సరిగ్గా ఉంటే వేళ్ళన్నీ సమంగా నిలిచి, ట్రే వెల్డింగు కిందికి జారుతుంది. ఒక్క సెల్లు తిరగబడినా ఆ వేలు అడ్డం పడుతుంది, ట్రే అంగుళం కదలదు. కెమెరా లేదు, కంప్యూటరు లేదు. ఆ మిషను వచ్చాక షెడ్డులో మళ్ళీ ఎవరి చెయ్యీ కాలలేదు.

ఇక్కడిదాకా కథలో నా తప్పేమీ లేదని గమనించండి. ఇక్కణ్ణుంచి మొత్తం నాదే.

మామిడి పూత మీదున్న రోజులు. మా చర్చిలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలుంటాయి. దేవుడు మనకి చేసిన మేలేంటో మైకు పట్టుకుని పదిమందికీ చెప్పడమన్నమాట. మామూలుగా జనం జ్వరం తగ్గిందనో, లోను వచ్చిందనో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. కరుణకి మైకంటే వణుకు. నాకు మైకంటే అదో ప్రేమ. పైగా ముందు బెంచీలో దానియేలు సారు కూర్చున్నారు. ఎలక్ట్రికల్ లెక్చరరు. మార్తమ్మ చెయ్యి కాలినప్పుడు "ఆడవాళ్ళ బ్యాటరీల షెడ్డు ఏదోరోజు రోడ్డు రోడ్డంతా తగలెడుతుంది" అని చర్చి గేటు దగ్గర నిలబడి సెలవిచ్చిన మహానుభావుడు ఆయనే. ఆ మాటకి జవాబు నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

లేచాను. మైకందుకున్నాను. సంచిలోంచి నమూనా ట్రే, దాని పలకా తీశాను.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నా సంగతి తెలిసినవారు కాబట్టి ముందే అన్నారు: "అమ్మా, కాస్త క్లుప్తంగా."

"దేవుడు మేలు క్లుప్తంగా చేశాడా అయ్యగారూ?" అన్నాను.

వెనక బెంచీల్లో నవ్వులు. ఆ నవ్వులే నా కొంప ముంచాయి. నన్ను నవ్వుతూ వినేవాళ్ళుంటే నేను ఆగే మనిషిని కాను. బొడిపె చూపించాను. పొట్టి వేలు, పొడుగు వేలు చూపించాను. ఒక సెల్లు కావాలని తిరగేసి, ట్రే ఎలా మొరాయిస్తుందో చూపించాను. స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలో, పలక ఎంత కిందికి దిగాలో, పట్టీ ఏ క్షణాన అతకాలో అన్నీ విడమరిచి చెప్పాను. మూడు వరసల్లో పిల్లలు నిద్రపోయారు. పొయ్యి మీద పెట్టొచ్చిన కుక్కరు గుర్తొచ్చి ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. అయ్యగారి అల్లుడు మాత్రం ఎప్పట్లాగే సెల్‌ఫోను స్టాండుకి పెట్టి మొత్తం తీసి, సాయంత్రానికి చర్చి యూట్యూబు చానల్లో ఎక్కించాడు.

బయటికొచ్చాక దానియేలు సారు దగ్గరికొచ్చి, "బాగా చెప్పావమ్మా. ఇంతకీ ఆ వేళ్ళెందుకు?" అని అడిగారు.

ఆ ప్రశ్న విని నేను పొందిన తృప్తి అంతా ఇంతా కాదు. ఎలక్ట్రికల్ లెక్చరరుకే అంతుబట్టని మిషను మాది! ఆ తృప్తి భద్రంగా దాచుకున్నాను. దాన్ని ఎక్కడ వాడానో చూద్దురుగాని.

కొన్నాళ్ళకి ఒక పెద్ద కరెంటు స్కూటర్ల కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మా ప్యాకులు కోసి చూసి, ఒక్కటి కూడా తిరగబడలేదేంటని ఆశ్చర్యపోయాడు. మిషను చూపించమన్నాడు. కరుణ అప్పటికే దాని మీద టార్పాలిను కప్పేసింది.

"పేటెంటుందాండీ?" అన్నాడు.

"ఇంకా లేదండీ."

"తెచ్చుకోండి. పేటెంటుంటే మా ప్యాకుల పని మొత్తం ఇక్కడే పెడతాం, మీ షెడ్డులోనే. అది లేకుండా మా పెద్దవాళ్ళు సంతకం పెట్టరు."

ఆయన వెళ్ళాక కరుణ షెడ్డు గుమ్మంలో నిలబడి, వెనక ఖాళీగా ఉన్న సగభాగం వైపు చూసింది. "ఇక్కడ రెండో లైను పెట్టొచ్చొదినా. మార్తమ్మ వాళ్ళ చెల్లెళ్ళు కూడా అడుగుతున్నారు, మామిడి పని రెండు నెలలేగా ఉండేది" అంది. ఆమె ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడగా వినడం నాకదే మొదలు.

పేటెంటు ఏజెంటు మూర్తి గారు విజయవాడ నుంచి వచ్చారు. ఎసిడిటీ మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట గులాబీరంగు మందు సీసా ఉంటుంది. ఏ శుభవార్త చెప్పినా ముందు ఒక గుటక వేస్తారు. ఆ రోజు కూడా గుటక వేసి అడిగారు.

"దీని గురించి ఇప్పటిదాకా బయట ఎక్కడైనా చెప్పారా? బయటివాళ్ళకి చూపించారా? బాగా ఆలోచించి చెప్పండి. దరఖాస్తు వెయ్యకముందే లోకానికి తెలిస్తే, ఇక అది కొత్తది కాదు. ఎంత గొప్పదైనా ఇవ్వరు."

"అబ్బే, బయటివాళ్ళెవరికీ చెప్పలేదండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"కంపెనీవాళ్ళకి?"

"టార్పాలిను కప్పేశామండీ" అంది కరుణ, కొంచెం గర్వంగా.

మరి చర్చి సంగతేంటని మీరు అడగొచ్చు. మీరడిగినంత తెలివిగా మాకు తట్టలేదు. చర్చి బయటెలా అవుతుందండీ? నా పెళ్ళి అక్కడే అయింది. కరుణ అక్కడి బెంచీల మధ్యే పాకడం నేర్చుకుంది. ఎవరింట్లో ఏ కూర అడుగంటిందో అందరికీ తెలిసిన చోటు. మా లెక్కలో బయట అనేది హనుమాన్ జంక్షన్ దాటాక మొదలవుతుంది. ఇద్దరం మనస్ఫూర్తిగా, ప్రార్థన చేసుకుని మరీ, "చెప్పలేదు" అన్నాం. దరఖాస్తు మా ఇద్దరి పేర్న పడింది. అప్పటికి తోటల్లో కాయ కోతకొచ్చింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. మామిడి కాపులు వచ్చాయి, పోయాయి. కంపెనీ ఆయన అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. చివరికి పరీక్ష రిపోర్టు వచ్చింది. మన దరఖాస్తుని ఆఫీసులో ఒక ఎగ్జామినరు చదివి, అభ్యంతరాలు రాసి పంపిస్తాడన్నమాట. మూడు రాశాడు. ఒకటి, విదేశాల్లో ఎవరో కెమెరాతో ఇదే పని చేశారు. రెండు, వేళ్ళతో తడిమి చూసే ఏర్పాటు కోడిగుడ్ల ట్రేలకి ఎప్పుడో ఉంది. మూడు, మిషను వివరణ స్పష్టంగా లేదు, చదివినవాడు దీన్ని తయారుచేసుకోలేడు.

"కోడిగుడ్లా!" అన్నాను. "మన మిషన్ని కోడిగుడ్ల ట్రేతో పోలుస్తాడా?"

"అది వాళ్ళ ఉద్యోగం మేడమ్" అన్నారు మూర్తి గారు, గుటక వేసి.

"మరి స్పష్టంగా లేదంటాడేంటి? రాసింది మీరేగా!"

ఇంకో గుటక వేశారు.

ఆయన జవాబు పంపారు. ఆపైన హియరింగు పెట్టారు. అప్పటికే అవి వీడియోలోనే అయిపోతున్నాయి. మా హాల్లో డైనింగు టేబులు మీద ల్యాప్‌టాప్ పెట్టాం. మధ్యలో మూర్తి గారు, అటు కరుణ, ఇటు నేను. కాలింగు బెల్లు ఎవరూ కొట్టకుండా మా ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు. కరుణ ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు టేబులు కింద దాచుకుంది.

మొదలయ్యేముందు మూర్తి గారు నా వైపు తిరిగారు. "మేడమ్, మీరొక్క సాయం చెయ్యాలి."

"చెప్పండి."

"మాట్లాడకండి."

"నేనూ దరఖాస్తుదారునే కదండీ?"

"అందుకే అడుగుతున్నా మేడమ్. మీరు మాట్లాడితే రికార్డులోకి వెళ్తుంది."

తెర మీద కంట్రోలరు గారు కనిపించారు. దరఖాస్తు మీద తీర్పు చెప్పేది ఆయనే. నెమ్మదైన మనిషి. మా ఖర్మకి తెలుగాయన. అంతా ఇంగ్లీషులో జరిగి ఉంటే నేను అంత ధారాళంగా మునిగేదాన్ని కాదు. మూర్తి గారు నిజంగా బాగా వాదించారు, కాదనను. కెమెరాకి వెలుతురు కావాలి, కంప్యూటరు కావాలి, మాకు రెండూ అక్కర్లేదన్నారు. గుడ్ల ట్రేలో వేళ్ళన్నీ ఒకే పొడుగు, పైగా గుడ్డు తిరగబడితే పేలదన్నారు. కంట్రోలరు గారు రాసుకున్నారు. రాసుకుని, "కెమెరా బదులు వేళ్ళు పెట్టడం, ఆ పొడుగులు మార్చడం, ఈ పనిలో ఉన్న ఎవరికైనా తట్టే మార్పే కదా అనిపించింది నాకు. కానీ మీరు చెప్పాక చూస్తే, మీ మాటలో బలముంది. రాతపూర్వకంగా ఇవ్వండి, అనుకూలంగా పరిశీలిస్తాను" అన్నారు.

టేబులు కింద కరుణ చెయ్యి నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. చల్లగా ఉంది. మూర్తి గారు జీవితంలో మొదటిసారి మందు లేకుండా నవ్వారు.

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు కంట్రోలరు గారు, ఫైలు మూసేస్తూ.

"లేదు సార్" అన్నారు మూర్తి గారు.

"ఉంది సార్" అన్నాను నేను.

ఎందుకన్నాను? ఇప్పటికీ అద్దం ముందు నిలబడి అడుగుతుంటాను. 'ఎవరికైనా తట్టే మార్పు' అన్నాడు కదా, ఆ ముక్క గుచ్చుకుంది. వెనక్కి తీసుకున్నాడని తెలుసు. అయినా అసలు అన్నాడు కదా!

"సార్, ఎవరికైనా తడుతుందన్నారే, తట్టడం కాదు కదా, విప్పి చెప్పినా అర్థం కాలేదు సార్. మా ఎలక్ట్రికల్ లెక్చరరు ముందు బెంచీలో కూర్చుని మొత్తం విని, బయటికొచ్చి 'ఇంతకీ ఆ వేళ్ళెందుకమ్మా' అని అడిగాడు. చెప్పినా తట్టనిది, చెప్పకుండా ఎవరికి తడుతుంది సార్?"

ఎంత చక్కటి వాదనో చూడండి! కాలేజీలో అయితే కప్పు నాదే.

కంట్రోలరు గారు మూసిన ఫైలు మళ్ళీ తెరిచారు. "ఎక్కడ చెప్పారు మేడమ్?"

"మా చర్చిలో సార్. సాక్ష్యంలో."

మూర్తి గారి చెయ్యి సీసా మీద అలాగే ఆగిపోయింది.

"చర్చికి ఎవరైనా రావచ్చా?"

"ఎంతమాట సార్! అందరూ రావచ్చు. గేటు మీద 'సర్వజనులకు ఆహ్వానం' అని పెద్దక్షరాలతో రాసుంటుంది."

"ఇది ఎప్పుడు?"

"తోటలు పూత మీదున్నాయి సార్ అప్పుడు."

"దరఖాస్తు వేసింది?"

"కోతలప్పుడు సార్."

"పూత ముందా మేడమ్, కోత ముందా?"

"పూతే సార్ ముందు!" అన్నాను, ఇంత చదువుకున్న మనిషికి ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతూ. "పూతొచ్చి, పిందె కట్టి, కాయైతే కదా సార్ కోత?"

కరుణ చెయ్యి నా చెయ్యి వదిలేసింది.

"రికార్డింగేమైనా ఉందా?"

"యూట్యూబులో ఉంది సార్. లింకు పంపమంటారా?"

"మేడమ్, లింకొద్దు" అన్నారు మూర్తి గారు. ఆ గొంతు అప్పుడే ఐసీయూలోంచి వచ్చినట్టుంది.

"ఎందుకొద్దండీ? మనమేమైనా దొంగతనం చేశామా?" అని ఆయన్ని మోచేత్తో పక్కకి జరిపి, లింకు నా చేత్తో నేనే పంపాను. ఎక్కడికి? ఆ వీడియో పక్కనుండే చాట్ బాక్సులోకి. ఏ వేలితో? ఈ వేలితో.

కాసేపు విరామమన్నారు. అప్పుడు నాకు తట్టడం మొదలైంది. వంటింట్లో గ్యాసు ఆపామా లేదా అన్న అనుమానంలా, ముందు సన్నగా, తర్వాత గట్టిగా. మూర్తి గారి వైపు చూశాను. ఆయన సీసా మూత తీసి, మిగిలిందంతా ఎత్తి తాగేశారు.

కంట్రోలరు గారు తిరిగొచ్చారు. "చూశాను మేడమ్."

చివరి ఆశ పట్టుకుని వేలాడాను. "చూశారుగా సార్. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిది చెప్పినట్టెలా అవుతుంది సార్?"

"నాకు అర్థమైంది మేడమ్" అన్నారాయన, ఎంతో మర్యాదగా. "చాలా బాగా అర్థమైంది."

"థాంక్యూ సార్" అన్నాను.

అన్నాను మరి! పెళ్ళయిన దగ్గర్నుంచి నేను చెప్పింది బాగా అర్థమైందని నాతో అన్న మొదటి మనిషి ఆయన. నోరు దానంతటదే అనేసింది.

తర్వాత మూర్తి గారు చెయ్యాల్సిందంతా చేశారు. పండితుల సభలో పత్రం చదివితే చట్టంలో కొంత వెసులుబాటు ఉందట. "మా చర్చి సంఘం పండితుల సభేనని రాయండి, సగంమంది టీచర్లే" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి నేను లేచి వెళ్ళి టీ పెట్టాను. చివరికి ఆర్డరొచ్చింది. తిరస్కరించారు. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు. దరఖాస్తుకి ముందే వెలువడిన సదరు వీడియోలో ఆ మహిళ మిషన్ని స్పష్టంగానూ, సంపూర్ణంగానూ, చూసినవారెవరైనా తయారుచేసుకోగలిగేంత చక్కగానూ వివరించింది, అని. మూర్తి గారు ఆపసోపాలు పడి రాసింది స్పష్టంగా లేదు. నేను చర్చిలో వాగింది స్పష్టంగా ఉంది. నా వాక్చాతుర్యానికి ప్రభుత్వం ఇచ్చిన ఒకే ఒక్క సర్టిఫికెట్టు అది. ఫ్రేము కట్టించుకునే ధైర్యం లేక బీరువాలో చీరల కింద పెట్టాను.

కంపెనీ ఆయన ఫోను చెయ్యడం మానేశాడు. మా వేళ్ళు ఇప్పుడు వాళ్ళ ప్లాంటులోనే ఉన్నాయని విన్నాం. కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, చట్టప్రకారం అది లోకానిది. నేనే ఇచ్చాను లోకానికి, మైకులో. షెడ్డు వెనక సగం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ ఏడు పూతకి తేనెమంచు పురుగు పట్టి మామిడి కూడా పోయింది. మార్తమ్మ చెల్లెళ్ళు పని వెతుక్కుంటూ వేరే ఊళ్ళకి వెళ్ళారు. వెళ్ళేముందు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, జవాబు చెప్పడం నాకు వచ్చు.

అయ్యగారు మాత్రం మహా సంతోషంగా ఉన్నారు. "అమ్మా, మన చానల్లో అందరికంటే ఎక్కువమంది చూసింది నీ సాక్ష్యమే! ఎక్కడెక్కడివాళ్ళో చూస్తున్నారు!" అన్నారు. వెళ్ళి చూశాను. కింద వరసగా కామెంట్లు. 'అక్కా, పొట్టి వేలుకి ఏ స్ప్రింగు వాడాలి?' 'మేడమ్, పలక ఎంత దిగాలో మళ్ళీ చెప్పగలరు.' ప్రతి ప్రశ్న కింద ఓపిగ్గా జవాబుంది. 'మెత్తనిది వాడండి బ్రదర్. గట్టిదైతే సెల్లు సొట్టపోతుంది.' రాసింది కరుణ.

ఒళ్ళు మండిపోయింది. షెడ్డుకి వెళ్ళి నిలదీశాను. "వాళ్ళకెందుకు చెప్తావే నువ్వు? ఉన్నదంతా దోచుకున్నారు చాలదా?"

కరుణ సోల్డరింగు చేస్తూ తల ఎత్తలేదు. "సగం తెలిసి చేస్తే చేతులు కాల్తాయి కదొదినా" అంది.

వక్తృత్వంలో కప్పులున్న నేను వెళ్ళి షెడ్డు ఫ్యాను స్పీడు తగ్గించి వచ్చాను.

అప్పుడు చూశాను. షెడ్డు మూల, ఇంతకుముందు లేనిది, నడుమెత్తున ఏదో నిలబడి ఉంది. మీద టార్పాలిను, చుట్టూ తాడు, తాడుకి తాళం.

"ఏంటే అది?"

"ఏం లేదొదినా."

"కొత్త మిషనా? నాకు చెప్పవా? నేనేమైనా బయటిదాన్నా?"

కరుణ ఈసారి తలెత్తి, చాలా రోజుల తర్వాత సరిగ్గా నా మొహంలోకి చూసింది. "నువ్వు బయటిదానివైతే ఎప్పుడో చెప్పేదాన్నొదినా" అంది.

అందుచేత మీ అందరి ముందూ, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చర్చిలో మైకిస్తే "దేవుడు మేలు చేశాడు, వందనాలు" అని కూర్చుంటాను. ఎంత పెద్దమనిషి "ఇంకేమైనా చెప్పాలా" అని అడిగినా "లేదండీ" అంటాను. గెలిచిన చోట లేచి చెప్పులేసుకుని ఇంటికొచ్చేస్తాను. గ్యాస్ సిలిండరు తెచ్చేవాళ్ళకి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.

ఇంతకీ ఆ టార్పాలిను కింద ఏముందో నాకు తెలీదు. నిజంగా తెలీదు. తెలిసుంటే ఈపాటికి మీకూ తెలిసేది.